ఋతుక్రమదోషమును హృద్రోగమును

స్త్రీల గుండెను గూర్చి మన యిండ్లలో మాటలాడువారు తక్కువ. గుండెపోటు అనగనే ఏబదియేండ్లు దాటిన పురుషుడు, కచ్చేరి పని, సిగరెట్లు, కోపము మన మనస్సున మెదలును. ఇంటి యజమానునికి ఏడాదికొకమారు రక్తపరీక్షలు, ఇ.సి.జి. జరుగును. ఆ కాగితములను భద్రముగా బీరువాలో దాచు గృహిణికి మాత్రము తన రక్తపుపోటు ఎంతయో తెలియదు. కాని 2019వ సంవత్సరమున ప్రపంచమందు మరణించిన స్త్రీలలో నూటికి 35 మంది గుండెజబ్బులచేతను, పక్షవాతము మున్నగు రక్తనాళవ్యాధులచేతను మరణించిరని లాన్సెట్ అను వైద్యపత్రిక నియమించిన సంఘము 2021లో ప్రకటించినది. ఏ యితర వ్యాధియు ఇంతమంది స్త్రీలను కొనిపోవుట లేదు.

ఈ వ్యాసము స్త్రీలందఱిని గూర్చి కాదు. వారిలో ఒక వర్గమును గూర్చి. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, క్లుప్తముగా పి.సి.ఓ.ఎస్., అని వైద్యులు చెప్పునదియు, మన యిండ్లలో "నీటిబుడగలు" అని పిలువబడునదియునగు అండకోశవ్యాధి గల సోదరీమణులను గూర్చి. బిడ్డలను కనగల వయస్సునందున్న స్త్రీలలో ఇంచుమించు పదిమందికొకరికి ఈ వ్యాధి యున్నదనియు, అట్టివారిలో నూటికి 70 మందివఱకు తమకది గలదని తెలియకయే కాలము గడుపుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఈ వ్యాధి మన కుటుంబములలో నడచు తీరు చదువరులెఱుగనిది కాదు. పిల్ల పెద్దమనిషియై మూడు నాలుగేండ్లు గడచినను నెలలు సరిగా రాకున్న తల్లి దిగులుపడును. "పెండ్లియైన అదే సర్దుకొనును" అని అమ్మమ్మ ధైర్యము చెప్పును. పెండ్లియైన పిమ్మట సంతానము ఆలస్యమైన దిగులుపడు వంతు అత్తగారిది. అప్పుడు ఆసుపత్రి, మందులు, మ్రొక్కుబళ్లు. దైవానుగ్రహమున బిడ్డ కలుగును. బారసాల జరుగును. వైద్యపు కాగితములన్నియు ఒక సంచిలో చుట్టి అటుకమీద పడవైతురు. రోగము ఆనాటితో తీరిపోయినదని అందఱును నమ్ముదురు, ఆమెయు నమ్మును. నా యభిప్రాయమున అసలు చిక్కు సరిగా ఇచ్చటనే యున్నది. పెండ్లి, సంతానము అను రెండు కిటికీలనుండియే మనము ఈ వ్యాధిని చూచితిమి. ఆమెకు నలువదియేండ్లు వచ్చిన తరువాత ఆ వ్యాధి యేమి చేయునో అడిగినవారు లేరు.

వైద్యులును చాలకాలము ఇట్లే చూచిరి. 1721లో ఇటలీ దేశపు వైద్యుడు వాలిస్నేరి, సంతానము లేని ఒక పల్లెటూరి యువతి అండకోశములను వర్ణించుచు, అవి తెల్లగా, మెఱయుచు, బొడిపెలతో పావురపు గ్రుడ్లంత యున్నవని వ్రాసెను. 1935లో అమెరికాలోని చికాగో నగరమున స్టయిన్, లెవెన్‌తాల్ అను వైద్యులిద్దఱు నెలసరి నిలిచిపోయిన ఏడుగురు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. అండకోశములనుండి కొంతభాగము కోసి తీసివేయగా ఏడుగురికిని నెలసరి మరల వచ్చెను, ఇద్దఱు గర్భవతులైరి. నాటినుండి చాలకాలమువఱకు ఆ వ్యాధికి వారిద్దఱి పేరే నిలిచినది. నెలసరి వచ్చెనా, గర్భము నిలిచెనా అనునవే ప్రశ్నలు.

అయితే అంతకు 14 ఏండ్ల ముందే, 1921లో, పారిసు నగరమున అషార్, థియేర్ అను ఇరువురు మఱియొక సంగతిని గమనించి వ్రాసియుండిరి. ముఖమున గడ్డము మొలచిన స్త్రీలలో చక్కెరవ్యాధి కనబడుచున్నదని వారు చెప్పిరి. ఆ సంవత్సరముననే కెనడా దేశపు టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడుట ఒక చిత్రము. ఈ రెండు సంగతులకును బంధుత్వమున్నదని రూఢియగుటకు దాదాపు అరువది సంవత్సరములు పట్టినది. అండకోశవ్యాధి గల స్త్రీల రక్తములో ఇన్సులిన్ అధికముగా నున్నదనియు, అది యెంత హెచ్చిన పురుష హార్మోను అంత హెచ్చుచున్నదనియు 1980లో అమెరికా వైద్యులు చూపిరి. గడ్డపు స్త్రీల మాటను ఇంతకాలము ఒక వింతగా చదివి విడిచిరేగాని, ఆ స్త్రీలకేమగుచున్నదని అడుగలేదు.

ఇక దేహములో జరుగునదేమి? మనము తినిన అన్నము చక్కెరయై రక్తములో చేరగా, ఆ చక్కెరను కండరములలోనికి పంపు తాళపుచెవి ఇన్సులిన్. ఈ వ్యాధి గల చాలమంది స్త్రీలలో తాళము బిగిసియుండును. అనగా అదే పని చేయుటకు మామూలుకంటె అధికమైన ఇన్సులిన్ కావలసివచ్చును. క్లోమము దానిని హెచ్చుగా తయారుచేయును. రక్తములోని చక్కెర కొన్నియేండ్లు సరిగానే యుండును గాని, ఆ హెచ్చు ఇన్సులిన్ ఊరకుండదు. అండకోశమును ప్రేరేపించి, స్త్రీదేహములో సహజముగా కొద్దిగా నుండు టెస్టోస్టిరోన్ అను హార్మోనును అధికము చేయును. ఆ హార్మోనును పట్టి బంధించియుంచు ఒక ప్రోటీను కాలేయమునుండి వచ్చును; దానిని తగ్గించును. ఇందుచేత టెస్టోస్టిరోన్ విడిబడి తిరుగును. గడ్డముమీద, పెదవిపైన వెండ్రుకలు, మొటిమలు, నడినెత్తిన జుట్టు పలుచనగుట, అండము పక్వము కాక నిలిచిపోవుట, ఇవియన్నియు దాని ఫలములు. అట్లు నిలిచిపోయిన అండపు తిత్తులే అల్ట్రాసౌండ్ పరీక్షలో నల్లని చుక్కలుగా కనబడునవి. వానిని నీటిబుడగలనుట నిజమునకు సరికాదు. అవి గడ్డలును కావు, పగులునవియు కావు. ఈ పేరే జనులను తప్పుత్రోవ పట్టించుచున్నదని 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ నియమించిన పండితసంఘము కూడ అభిప్రాయపడినది.

ఆ ఇన్సులిన్ పెనుగులాటయే గుండెకును సంబంధించినది. నడుముచుట్టును కడుపులోపలను క్రొవ్వు చేరును. రక్తములో ట్రైగ్లిసరైడ్లు అను క్రొవ్వు హెచ్చి, మేలుచేయునదిగా చెప్పబడు హెచ్.డి.ఎల్. కొలెస్టరాల్ తగ్గును. రక్తపుపోటు నెమ్మదిగా ఎక్కును. చక్కెరవ్యాధి ఇతరస్త్రీలకంటె ముందుగాను, హెచ్చుమందికిని వచ్చును. నిద్రలో గుఱ్ఱుపెట్టుచు ఊపిరి ఆగి ఆగి వచ్చు వ్యాధియు వీరిలో అధికము. ఇవి యన్నియు విడివిడిగా రక్తనాళములకు శత్రువులు. ఒకే యింట కాపురముండిన చెప్పవలసినదేమున్నది?

అయితే ఇందుచేత నిజముగా గుండెపోట్లు హెచ్చగుచున్నవా? ఈ ప్రశ్నకు సమాధానము వచ్చిన తీరు కొంచెము విపులముగా చెప్పదగినది, ఏలయనగా ఇప్పటికిని భయపెట్టువారును, ఏమియు లేదని కొట్టివేయువారును ఇందులో చెఱియొక ముక్కను పట్టుకొని వాదించుచున్నారు. 1992లో స్వీడను దేశపు వైద్యులు, అండకోశములకు శస్త్రచికిత్స జరిగి ఇరువదేండ్లకు మించిన 33 గురు స్త్రీలను పరీక్షించి, వారి నడుము కొలత, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, ట్రైగ్లిసరైడ్లు మున్నగువానినిబట్టి లెక్కవేసి, వీరికి గుండెపోటు అపాయము ఇతరులకంటె ఏడు రెట్లకు మించియుండవలెనని చెప్పిరి. ఆ మాట లోకమంతయు ప్రాకినది. కాని అది గణితముచేత ఊహించినదేగాని, వచ్చిన గుండెపోట్లను లెక్కించినది కాదు.

1998లో బ్రిటనునుండి వేరొక లెక్క వచ్చెను. 1930కిని 1979కిని మధ్య ఆసుపత్రులలో ఈ వ్యాధి నిర్ణయమైన 786 మంది స్త్రీలను సగటున 30 సంవత్సరములు అనుసరించి చూడగా, గుండెజబ్బులచేత మరణించినవారు దేశములోని తక్కిన స్త్రీలకంటె హెచ్చుగా లేరు. చక్కెరవ్యాధి మాత్రము మరణకారణములలో హెచ్చుగా కనబడెను. 2000లో అదే దేశమున 319 మందిని పరిశీలింపగా, గుండెపోట్ల తేడా స్పష్టముగా తేలలేదు గాని, మెదడు రక్తనాళముల జబ్బులు, చక్కెరవ్యాధి, రక్తపుపోటు, కొలెస్టరాల్ దోషములు అధికముగా నుండెను. ఏడు రెట్లన్న భయము అట్లు చల్లారినది. కాని వీరిని పరిశీలించునాటికి చాలమంది ఇంకను గుండెజబ్బులు ముమ్మరమగు వృద్ధాప్యమునకు రాలేదు. అదిగాక ఆ కాలపు బ్రిటను స్త్రీల దేహములు వేఱు, నేటి మన స్త్రీల దేహములు వేఱు.

2011లో నెదర్లాండ్సు వైద్యులు అంతవఱకు వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి తూచిరి. ఈ వ్యాధి గలవారికి గుండెజబ్బు లేక పక్షవాతము వచ్చు అపాయము లేనివారికంటె రెండు రెట్లని తేలినది. దేహపు బరువునుబట్టి వచ్చు భేదమును తీసివేసి చూచినను అది ఒకటిన్నర రెట్లుగా నిలిచెను. అనగా లావు తగ్గినంతమాత్రమున సమస్తము తీఱిపోదు. సన్నగా నున్నవారికి ఏమియు లేదనుటకును వీలులేదు. చివరకు 2023లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయపు వైద్యుల నాయకత్వమున వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములలో, ఈ వ్యాధి గల ప్రతి స్త్రీని గుండెజబ్బు అపాయము అధికముగా గలదానిగానే ఎంచి చూడవలెనని స్పష్టముగా వ్రాసిరి.

రెండు రెట్లనగనే గుండె జల్లుమనవలదు. ముప్పదియేండ్ల స్త్రీకి గుండెపోటు వచ్చుటయే బహు అరుదు. అరుదైనది రెండింతలైనను అరుదుగానే యుండును. మాటవరుసకు, ఒక వయస్సున వేయిమందిలో ఒకరికి వచ్చునది ఇద్దఱికి వచ్చుట వంటిది. ముట్లుడుగునంతవఱకు అపాయము స్వల్పమే. కాని ఇరువదియేట మొదలైన రక్తపుపోటు, ముప్పదియేట మొదలైన చక్కెరదోషము అఱువదియేటికి ఎంత పని చేసియుండునో ఆలోచింపుడు. ఈ వ్యాధియొక్క విశేషమదియే. ముప్పది సంవత్సరములు ముందుగా ఉత్తరము వ్రాసి పంపుచున్నది. మనమా యుత్తరమును చింపుట లేదు, చదువుట లేదు.

మన దేశస్త్రీలకు ఇంకొక సంగతి కలదు. 52 దేశములలో జరిగి 2004లో ప్రకటితమైన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో, దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు తక్కినవారికంటె ఐదారేండ్లు ముందుగా వచ్చుచున్నట్లు తేలినది. అమెరికావారి 2018 నాటి కొలెస్టరాల్ నియమములలో దక్షిణాసియా సంతతి యగుటయే అపాయమును హెచ్చించు కారణములలో నొకటిగా చేర్చబడినది. అచ్చట కాపురమున్న మన ఆడపడుచులు ఈ మాటను తమ వైద్యులకు జ్ఞాపకము చేయదగును. మనవారి దేహము చూచుటకు సన్నగానే యుండి, క్రొవ్వు మాత్రము కడుపులో చేరుట సాధారణము. అందుచే ఐరోపావారి కొలతలు మనకు చాలవు. మన స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు దాటరాదు. లంగా బొందు కట్టుకొనుచోట గాక, ప్రక్కటెముకల క్రిందికిని తుంటియెముకకును నడిమిచోట టేపుచుట్టి, ఊపిరి విడిచి చూడవలయును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది, తెలంగాణములో 30 మంది అధికమైన బరువు గలవారని వచ్చినది; అదియు ఐరోపా కొలతనుబట్టియే.

ఇంటిలో తల్లి కన్ను గుర్తింపదగిన చిహ్నములు కొన్ని కలవు. రజస్వలయై మూడేండ్లు గడచిన పిమ్మటకూడ 35 దినములకు మించి నెలసరి ఆలస్యమగుచుండుట, ఏడాదికి ఎనిమిది మారులకంటె తక్కువగా వచ్చుట, గడ్డముమీదను రొమ్ముమీదను ముదురు వెండ్రుకలు, ఎంతకును తగ్గని మొటిమలు. ఇంకొకటి మెడవెనుకను చంకలలోను నల్లగా, మఖమలువలె మందమెక్కిన చర్మము. దీనిని మురికి యనుకొని సున్నిపిండితో తోమితోమి ఎందఱు పిల్లలను ఏడిపించితిమో! అది మురికి కాదు. దేహములో ఇన్సులిన్ హెచ్చినదనుటకు చర్మము చెప్పుచున్న సాక్ష్యము. తోముట మాని రక్తపరీక్ష చేయింపవలెను.

వ్యాధి నిర్ణయమునకు నెలసరి క్రమము తప్పుట, పురుష హార్మోను హెచ్చుట, అండకోశముల రూపము అను మూడింటిలో రెండున్న చాలునని 2003లో నెదర్లాండ్సులోని రోటర్‌డామ్‌లో నియమము చేసిరి. థైరాయిడ్ మున్నగు ఇతర కారణములు లేవని ముందుగా తేల్చుకొనవలెను. చిన్నపిల్లల విషయమున మాత్రము అల్ట్రాసౌండ్ పరీక్షతో నిర్ణయింపరాదు. రజస్వలయైన ఎనిమిదేండ్లవఱకు ఆరోగ్యవతుల అండకోశములును అట్లే కనబడవచ్చును. పదునాఱేండ్ల బిడ్డకు స్కానింగు కాగితము చేతికిచ్చి, "నీకు పిల్లలు పుట్టుట కష్టము" అని చెప్పువారిని ఏమనవలయునో నాకు తెలియదు. అది నిజమును కాదు, వైద్యమును కాదు. ఈ వ్యాధి గలవారిలో పెక్కుమంది తల్లులగుచున్నారు.

పరీక్షలలో ముఖ్యమైనవి తక్కువ వ్యయముతో అగునవే. రక్తపుపోటు ఏడాదికొకమారైనను చూపించుకొనవలెను. గర్భము ధరింపదలచినవారు ముందుగానే చూపించుకొనవలెను. కొలెస్టరాల్ మున్నగు క్రొవ్వుల పరీక్ష వ్యాధి తెలిసిననాడే చేయించి, తరువాత వైద్యుడు చెప్పినట్లు నడువవలెను. చక్కెర విషయమున ఒక మెలిక కలదు. పరగడుపున చూచిన రక్తములో చక్కెర సరిగానున్నదని సంతోషించి వచ్చువారు చాలమంది. వీరిలో దోషము తరచుగా భోజనానంతరము బయటపడును. కావున 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి రెండు గంటలకు చూచు పరీక్ష మేలైనది. అది 140కి లోబడియుండిన మంచిది. 140కిని 200కును మధ్యనున్న హెచ్చరిక. 200 దాటిన చక్కెరవ్యాధియే. దీనిని ఒకటి మొదలు మూడేండ్లకొకమారు మరల చేయించుకొనవలెను. ఇంటి యజమానుడు పరీక్షలకు పోవునాడే ఇల్లాలును పోయిన వేఱొక ప్రయాణము తప్పును. "నాకేమి, గుండ్రాయివలె నున్నాను" అను మాట మన స్త్రీల నోట వచ్చినంత సులభముగా మఱియే మాటయు రాదు.

గర్భకాలము ఒక పరీక్షయని గ్రహింపవలెను. అండకోశవ్యాధి గలవారికి గర్భిణిగా నున్నప్పుడు చక్కెరయు, రక్తపుపోటును హెచ్చు అవకాశము అధికము. ప్రసవము కాగానే రెండును తగ్గిపోవుటచేత పీడ విరుగడయైనదని తలంతురు. కాని గర్భిణీదశలో రక్తపుపోటు, గుఱ్ఱపువాతమువంటి చిక్కులు, చక్కెర వచ్చిన స్త్రీలకు ముందుముందు గుండెజబ్బు హెచ్చుగా వచ్చుట వేఱుగా స్థిరపడిన సత్యము. పురిటికాగితములను పారవేయక దాచుకొని, నలువదియేండ్ల వయస్సున చూచు వైద్యునకు చూపవలెను. ఆయన అడుగకపోవచ్చును, మనమే చెప్పవలెను.

చికిత్సలో మొదటిది భోజనమును నడకయు. ఫలానా ఆహారమే ఈ వ్యాధికి దివ్యౌషధమని ఋజువు లేదు. పత్రికలలో, ఫోనులలో వచ్చు "నలువది దినములలో నీటిబుడగలు మాయము" అను ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకొనవలదు. మన వంటలోనే మార్చుకొనదగినవి చాలగలవు. ప్రొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నము తెల్లని మరబియ్యపు అన్నము, రాత్రి మరల అన్నము, నడుమ తియ్యని కాఫీ టీలు. పప్పు, కూర అన్నమునకు నంజుడు మాత్రమే. ఈ లెక్కను తిరుగవేయవలెను. విస్తరిలో సగము కూరలు, ఆకుకూరలు. పావువంతు పప్పు, పెసలు, ఉలవలు, గ్రుడ్డు, చేప, పెరుగు వంటివి. పావువంతు అన్నము గాని జొన్నరొట్టె గాని రాగిసంకటి గాని. రాగిసంకటియైనను కొలత మీరిన చక్కెరయే యగును. ఉప్పు దినమునకు ఒక చెంచాకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, వడియము, మజ్జిగమిరపకాయ నాలుగును ఒకే పూట కంచములోనికి వచ్చు మన యిండ్లలో ఆ చెంచా ప్రొద్దుటికే నిండిపోవును. అందఱును తినిన పిమ్మట మిగిలిన అన్నము పారవేయనేల యని తాను రెండుమారులు తిను అలవాటును మానుకొనుట కష్టమే. కాని అది ఇల్లాలి ధర్మములలో చేరినదని ఏ గ్రంథములోను లేదు.

ఇంటిపనియే వ్యాయామము కాదా యని అడుగుదురు. బావినీరు తోడి, బియ్యము దంచి, తిరుగలి విసరిన కాలమున ఆ మాట నిజమైయుండును. నేడు మోటారు, మిక్సీ, గ్యాసుపొయ్యి వచ్చినవి. అలసట మిగిలినది గాని వ్యాయామము పోయినది. నిలువుకాళ్లమీద గంటలకొలది నిలుచుట గుండెను పరుగెత్తింపదు. వారమునకు 150 మొదలు 300 నిముషములు వేగముగా నడచుట, రెండు దినములు కండరములకు బలమిచ్చు పని చేయుట అవసరము. బరువు హెచ్చుగా నున్నవారు అందులో నూటికి ఐదుపాళ్లు తగ్గినను, అనగా 70 కిలోలలో మూడున్నర తగ్గినను, నెలసరియు చక్కెరయు మెఱుగగుట కలదు. బరువు తగ్గకున్నను నడక వ్యర్థము కాదు. ఇన్సులిన్‌కు తాళము సడలుట కండరముల పనిచేతనే. ఇల్లాలు సాయంకాలము అఱగంట వెలుపలికి పోవుటకు ఇంటివారు వెసులుబాటు కల్పింపనియెడల ఈ పంక్తులన్నియు వ్రాసి ప్రయోజనము లేదు. అఱగంట పొయ్యిమీద పాలు చూచుకొనుట పురుషులకు అసాధ్యము కాదని నా నమ్మకము.

మందులలో మెట్‌ఫార్మిన్ ముఖ్యమైనది. ఐరోపాలో పశువులు మేయు గలేగా అను మొక్కనుండి ఈ మందుల వంశము బయలుదేరినది. 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ దీనిని చక్కెరవ్యాధికి వాడి ఫలితములను ప్రకటించెను. ఇన్సులిన్ చక్కగా పనిచేయుటకు ఇది తోడ్పడును. ఏండ్ల తరబడి వాడువారిలో బి-12 అను విటమిను తగ్గవచ్చును. శాకాహారులు దీనిని ప్రత్యేకముగా పరీక్షించుకొనవలెను. నెలసరిని క్రమపఱచుటకు ఇచ్చు గర్భనిరోధక మాత్రలు మంచివే; మూడు నెలలకు మించి నెలసరి రాకుండ ఊరకున్న గర్భాశయపు లోపొర మందమై కీడు కలుగవచ్చును గనుక వైద్యుని చూడక తప్పదు. కాని రక్తపుపోటు హెచ్చుగా నున్నవారికిని, పొగత్రాగువారికిని, చూపులో మెఱుపులు కనబడు తలనొప్పి గలవారికిని ఆ మాత్రలలో కొన్ని తగవు. ప్రక్కింటివారి చీటీతో మందుల దుకాణమున కొనితెచ్చుకొనుట మన వాడుక. ఈ విషయమున మానవలసిన వాడుక. కొలెస్టరాల్ తగ్గించు మందులు, రక్తపుపోటు మందులలో కొన్ని గర్భిణులకు పనికిరావు. సంతానము కోరువారు ఆ సంగతి ముందుగా చెప్పి మందు మార్పించుకొనవలెను.

మనస్సును గూర్చి ఒకమాట. ఈ వ్యాధి గలవారిలో దిగులు, ఆందోళన హెచ్చుగా నుండునని వైద్యులు అంగీకరించుచున్నారు. ముఖమున వెండ్రుకలు వచ్చిన పిల్ల పెండ్లిచూపులనాడు పడు అవమానమును, "ఇంకను ఏమియు విశేషము లేదా" అని బంధువులడుగు ప్రశ్నకు కోడలు పడు బాధను రక్తపరీక్షలు కొలువలేవు. నిద్ర పట్టక, ఆకలి లేక, ఊరక యేడ్పు వచ్చుచున్న, దానినికూడ వైద్యునకు చెప్పవలసిన లక్షణముగానే చెప్పుడు.

గుండెపోటు స్త్రీలకు వచ్చు విధమును ఇంటిలోని అందఱు నెఱిగియుండవలెను. రొమ్మున నొక్కినట్లు, బిగబట్టినట్లు నొప్పి వచ్చుటయే స్త్రీలలోనూ సాధారణ లక్షణము. కాని దానికితోడుగానో, అది లేకయో ఆయాసము, వికారము, వాంతి, చలిచెమట, దవుడలోను వీపులోను భుజమునను నొప్పి, ఎన్నడు లేని నిస్సత్తువ స్త్రీలకు హెచ్చుగా కనబడును. అజీర్తియని వాముకషాయమును, పైత్యమని నిమ్మరసమును ఇచ్చి తెల్లవాఱువఱకు కనిపెట్టుకొనియున్న యిండ్లు చాలగలవు. గుండెకండరము రక్తము లేక చచ్చుటకు కొన్ని గంటలు చాలును. ఇట్టి బాధ పది నిముషములకు తగ్గకున్న, రాత్రియైనను, వంటపని మధ్యనైనను, ఇంటిలో చుట్టములున్నను, 108కు ఫోనుచేసి, గుండెజబ్బులు చూచు ఆసుపత్రికి పోవలయును. అచ్చట మొదట అడుగవలసినది ఇ.సి.జి.; చెప్పవలసిన మాటలలో తనకు చిన్ననాటినుండి అండకోశవ్యాధి కలదనుట యొకటి.